అన్నం అన్న మాట

చిత్తూరు
9-2-1977

చిరంజీవి సారంగపాణికి ఆశీస్సులు.

నీకు ఉత్తరం రాయడం నెల రోజులు ఆలస్యమైంది. పని ఒత్తిడి అని రాద్దామనుకున్నాను. తోడల్లుళ్ల మధ్య అబద్ధాలు ఎందుకు, నీ మీద ఉడుకుమోత్తనంతో రాయలేదు.

ముక్కోటికి మనమంతా పుత్తూరులో అత్తగారింట్లో కలిశాం గదా. మామగారు పోయినప్పటినుంచి ఆయన వాలుకుర్చీలో కూర్చునేది నేను. పెద్దల్లుడిని, ఎవరూ వద్దనలేదు. ఆ రోజు నేను అందులో ఇట్లా నడుం వాల్చానో లేదో, అత్తగారు వంటింట్లోంచి వచ్చి, "నాయనా రంగరాజూ, చిన్నల్లుడు తిరుపతి నుంచి బస్సులో నిలబడి వచ్చాడు. ఆయన్ను కాస్త కూర్చోనీ" అన్నారు. నేను చిత్తూరు నుంచి వచ్చాను. తిరుపతికి రెట్టింపు దూరం. నేనూ నిలబడే వచ్చాను. నా కాళ్లు మాత్రం కాళ్లు కావు! రమామణితో చెప్పుకుంటే, "చిన్నపిల్లాడివా, కుర్చీ కోసం ఏడుస్తావు" అని నన్నే తిట్టింది. మీ వదిన నా పక్షం ఎప్పుడూ మాట్లాడదు.

అసలు సంగతికి వస్తాను. నీ పెళ్లయి రెండేళ్లు కాలేదు, అప్పుడే నువ్వు నాకు పరీక్షాధికారివి అవుతున్నావని నిన్న ఆఫీసులో తెలిసింది. వ్యవసాయ శాఖలో పదేళ్లుగా మట్టి తొక్కుతున్నాను. యాదమరి దోవలో ఉండే పల్లెల్లో బోర్లు వేయించి, మెట్టచేలను మడులు చేసి, వరి పండించే పథకం నా చేతిమీద ఈమధ్యే మొదలైంది. మొదటి బోరు పడింది, పంట ఇంకా రాలేదు. నదికి అవతల పల్లెల్లో ఇంకో పథకం, పసిపిల్లలకు రోజూ రాగిజావ పోసే కేంద్రాలు. రెండూ పిల్లల కడుపు నింపడానికే. రెండింటికీ డబ్బు లేదు కాబట్టి రెండేళ్ల తరవాత ఒకదాన్నే ఉంచి, తాలూకా అంతా పెంచి, రెండోదాన్ని ఎత్తేస్తారట. ఏది ఉండాలో లెక్క కట్టి తేల్చేది నువ్వట. నా పథకం నిలిస్తే తాలూకా మొత్తానికి నేనే పెద్ద. పోతే మళ్లీ విత్తనాల గోడౌన్లో బస్తాలు లెక్కపెట్టుకోవాలి.

ఇంతమంది ఉండగా నీ చేతికే పోవాలా నా తలరాత? మరదలు వకుళను అడిగినట్టు చెప్పు.

నీ అన్న,
రంగరాజు


తిరుపతి
18-2-1977

అన్నయ్యగారికి నమస్కారాలు.

కుర్చీ సంగతి నేను గమనించలేదు. గమనించి ఉంటే లేచేవాణ్ని. మీకు తెలియనిది ఒకటి చెప్తాను. నేను ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ అత్తగారు మీ గురించే మాట్లాడారు. ఊళ్లోవాళ్లు మీకు వేసిన దండ, బోరు పడినప్పుడు ఆడవాళ్లు మీ కాళ్లమీద పోసిన నీళ్లు, పొంగిపోతూ చెప్పారు. చివర, "నువ్వేం చేస్తావు నాయనా ఆఫీసులో?" అని అడిగారు. లెక్కలు వేస్తానన్నాను. "అంతేనా" అన్నారు. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. కుర్చీ మీకే ఇచ్చేస్తాను, ఆ దండ నాకు ఇస్తారా?

సర్వే పని నేను అడిగి తెచ్చుకున్నది కాదు. పైవాళ్లు ఇచ్చారు. మీరు నా తోడల్లుడని వాళ్లకు చెప్పాను. లెక్క లెక్కే గదా, దానికి చుట్టరికం ఏమిటన్నారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ నివేదిక మెప్పిస్తే ఖాయమవుతుంది. కాబట్టి మీ తలరాతతో పాటు నాదీ ఇందులోనే ఉంది.

లెక్క కట్టే పద్ధతి చెప్తాను. సర్కారు ఖర్చుపెట్టిన ప్రతి వందకూ బిడ్డ నోట్లోకి ఎంత చేరిందో చూడాలి. పిల్లల్ని తూచే కాటాలు అడిగాను. కాటాలు కొనడం దండగ ఖర్చు అన్నారు. ప్రశ్న అడగడానికైతే ఖర్చు లేదు. అందుకని ఒకే ఒక ప్రశ్న తయారు చేశాను. "నిన్న మీ బిడ్డ ఎన్ని పూటలు అన్నం తినింది?" పథకం మొదట్లో ఒకసారి, రెండేళ్లకు ఒకసారి, ఇదే ప్రశ్న రెండు వైపుల పల్లెల్లోనూ అడగాలి. పూటలు ఎక్కడ ఎక్కువ పెరిగితే అక్కడ లాభం ఎక్కువ. కాలేజీ పిల్లలు అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదువుతారు, సొంత మాట ఒక్కటి కలపరు.

ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉండదని నా గర్వం. మన ఇళ్లలో గడప దాటగానే ఎవరైనా మొదట అడిగేది అన్నం తిన్నావా అనే గదా. అయినా మీరు ఆ పల్లెల్లో తిరిగినవారు. కాగితం దీనితో పంపుతున్నాను. ఒక్క మాట తేడాగా ఉన్నా చెప్పండి, అచ్చుకు పోకముందే దిద్దుతాను.

వదినకు నమస్కారాలు.

సారంగపాణి


(కార్డు)
చిత్తూరు
3-3-1977

చి. సారంగపాణికి,

ప్రశ్న కాగితం అందింది. రెండుసార్లు చదివాను. రమామణికి వినిపిస్తే నవ్వింది. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు చెప్పి ఇద్దరూ కలిసి మళ్లీ నవ్వారు. ఆడవాళ్లు, ఊరికే నవ్వుతారు. ఎం.ఎస్సీ. చదివినవాడు రాసినదాంట్లో నాలాంటివాడు దిద్దేదేముంటుంది? అట్లే అచ్చుకు ఇవ్వు.

రంగరాజు


చిత్తూరు
20-11-1978

చిరంజీవి సారంగపాణికి నిండు మనసుతో ఆశీస్సులు.

నీ ఆఫీసులో చిత్తూరు కుర్రాడు ఒకడున్నాడు గదా, వాడు నోరు జారాడు. రెండో సర్వే లెక్కలు నా చెవిన పడ్డాయి. మడుల్లో పంట రాకముందు మా పల్లెల్లో పిల్లలు అన్నం తిన్న పూటలు దాదాపు లేనట్టేనట, ఇప్పుడు రోజుకు రెండు పూటలట! నది అవతల జావ పోసే పల్లెల్లో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదట. రెండేళ్లు జావ పోసి ఒక్క మెతుకు పెంచలేకపోయారన్నమాట. అయ్యో పాపం అనాలని ఉంది, నోరు రావడం లేదు.

నిన్న ఊళ్లోకి పోతే చౌడేశ్వరమ్మ అని ఒకామె ఉంది, మా పథకంలో మొదటి బోరు వాళ్ల చేలోనే పడింది, నన్ను చూసి నడివీధిలోనే చేతులెత్తి మొక్కింది. "సామీ, మా అవ్వకాలంలో పండగపూట సూసినాము అన్నం. ఇప్పుడు మా మనవడు దినాం తింటా ఉండాడు. నీ కడుపు సల్లగుండ" అంది. అట్లాంటి మాట నీకు ఎవరైనా అన్నారా, అక్కడ కూర్చుని లెక్కల యంత్రం మీటలు నొక్కుతుంటే? ఊరికే అడుగుతున్నాను, ఏమనుకోకు.

పుత్తూరులో కూడా ఎవరో చెప్పేశారు. (నేనే చెప్పాను.) పోయిన వారం వెళ్తే, అత్తగారు వాలుకుర్చీ దులిపి తువ్వాలు పరిచి మరీ కూర్చోబెట్టారు. "తాలూకాకంతా పెద్ద కాబోతున్నాడు" అని ఎదురింటివాళ్లకు చూపించారు. నువ్వు ఎట్లా ఉన్నావని మాత్రం నేను వచ్చేటప్పుడు అడిగారు.

నీ సంతకం ఒక్కటే మిగిలిందని విన్నాను. ఆలస్యం చేయకు. జావ కేంద్రాలు జూన్లో మూసి, ఆ డబ్బు మా వైపు మళ్లిస్తారట. కొత్త బోర్లకు చోట్లు కూడా చూసి పెట్టాను.

నీ అన్న,
రంగరాజు


తిరుపతి
2-12-1978

అన్నయ్యగారికి,

మీరు విన్నది నిజమే. లెక్కలు అట్లాగే వచ్చాయి. నివేదిక టైపై నా బల్లమీద ఉంది. వారం రోజులుగా పెన్ను మూత తీస్తున్నాను, పెడుతున్నాను.

కారణం దాచను. నాకు కడుపుమంటగా ఉంది. మిమ్మల్ని ఆకాశానికెత్తే ఆ నలభై పేజీలూ రాసింది నేను. ప్రతి వాక్యం రాస్తున్నప్పుడూ అత్తగారు దులిపే కుర్చీ కళ్ల ముందు కనబడింది. నా లెక్కలు లేకపోతే మీ దండ దండ కాదు, అయినా నన్ను అడిగేవాళ్లు లేరు. వకుళ మొన్న, "మా బావ లాగా జనంలోకి పోయే పని చేయరాదూ" అంది. మామూలుగానే అంది. ఆ రాత్రి నేను భోజనం చేయలేదు.

సంతకం పెట్టేముందు ఒకసారి పల్లెలు చూసి వస్తాను. సర్వే చేసింది కాలేజీ పిల్లలు, నేను ఏ ఇంటి గడపా తొక్కలేదు. మీ పథకంలో ఏదైనా లోటు దొరుకుతుందేమోనని వెళ్తున్నాను. వేరే పేరు పెట్టను. మీరు రావద్దు.

సారంగపాణి


తిరుపతి
11-1-1979

అన్నయ్యగారికి,

ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారిని బతిమాలి పిల్లల్ని తూచే కాటా ఒకటి తీసుకుని వెళ్లాను. ముందు నది అవతలికి, జావ పోసే పల్లెలకు పోయాను.

మొదటి ఇంట్లో ఒక తల్లి అరుగుమీద కూర్చుని ఉంది. పక్కన రెండేళ్ల బిడ్డ. నా కాగితం తీసి ప్రశ్న చదివాను. "నిన్న మీ బిడ్డ ఎన్ని పూటలు అన్నం తినింది?"

"ఒగ పూటా లేదు సామీ" అంది.

సున్నా వేయబోతూ బిడ్డ వైపు చూశాను. చెయ్యి మోచేతిదాకా, బుగ్గలు చెవులదాకా రాగిముద్ద. పొట్ట గుండ్రంగా ఉంది. "మరి ఇదేంటమ్మా?" అన్నాను.

"అది సంగటి సామీ."

"అన్నం తినలేదంటివే!"

"సంగటి తింటే అన్నం తిన్నట్టు యాడన్నా ఉండాదా? అన్నమంటే వొరి గదా సామీ. మాకు యాడిది? పండక్కి తింటాము. సంగటి అయితే పొద్దున, మద్దేనం, రేత్రి, మూడు పూటలా తింటాడు. నడుమ జావ. నువ్వు కూడు ఎన్ని పూటలు తినిందని అడిగింటే సెప్పుండనా?" అని నా మొహం చూసి నవ్వింది.

అన్నయ్యా, నేను ఆ అరుగుమీదే కూర్చుని నా ప్రశ్న మళ్లీ చదువుకున్నాను. మన ఇళ్లలో సాత్తుముదని చారు పోసుకున్నా, పెరుగు కలుపుకున్నా అన్నీ అన్నమే. అన్నం తిన్నావా అంటే భోజనం అయిందా అని. ఆ పల్లెల్లో అన్నం అంటే వరి బియ్యం ఒక్కటే. రెండేళ్లపాటు వందల ఇళ్లలో నేను అడిగించింది బిడ్డకు ఆకలి తీరిందా అని కాదు, వరి వండారా అని.

తరవాత మీ పల్లెలకు వచ్చాను. అక్కడ ప్రశ్న మార్చి అడిగాను. "బోరు పడకముందు ఏం తినేవాళ్లు? ఇప్పుడేం తింటున్నారు?" ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెప్పారు గానీ సారం ఒకటే. అప్పుడు మూడు పూటలా సంగటి, ఉలవలు, కూరాకు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. ఇప్పుడు వడ్లు చాలావరకు మిల్లుకు అమ్మి, మిగిలినవి రెండు పూటలా అన్నం. అందులోకి చింతపండు నీళ్లు. రాగిచేలు, ఉలవచేలు మడులైపోయాయి. మూడు పూటలు రెండయ్యాయి. నా కాగితం మీద మాత్రం సున్నా రెండైంది.

కాటా వేశాను. ఒకే వయసు పిల్లలు, నది అవతలివాళ్లు బరువుగా ఉన్నారు. మీ వైపు పిల్లలు తేలిగ్గా ఉన్నారు. తేడా చిన్నది కాదు.

నివేదికలో ఖర్చు గడిలో బోరు, మోటారు, విత్తనం, ఎరువు అన్నీ రాశాను. లాభం గడిలో అన్నం రాశాను. పోయిన సంగటికి నేను ఏ గడీ పెట్టలేదు. ఇప్పుడు ఈ నివేదిక పోతే జూన్లో జావ ఆగిపోతుంది, ఆ పల్లెలు కూడా మడులైపోతాయి.

ఇంకొక మాట. మీరు ఆ పల్లెల్లో పదేళ్లుగా సంగటి తింటున్నారు. కాగితం మీకు పంపాను. వదిన ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలిసింది. మీకు అప్పుడే తెలుసు.

సారంగపాణి


చిత్తూరు
17-1-1979

శ్రీ సారంగపాణి గారికి,

తమరి ఉత్తరం అందింది.

తెలుసు. తెలిస్తే ఏమిటట? అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేనేమైనా తమరి దగ్గర నౌకరునా? అత్తగారు తమరిని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తున్న రోజులవి. సంగటి అంటే ఏమిటో తెలియని మనిషి నా పల్లెల్ని పరీక్ష చేస్తాడట. వెళ్లి బోర్లా పడనీ, అందరూ చూడనీ అనుకున్నాను. పడ్డారు. పడింది నా పరుపు మీద అయింది, అది నా అదృష్టం. అదృష్టాన్ని కాలదన్నుకోవాలా నేను?

ఒక మనిషి నా పథకాన్ని తప్పుపట్టాలనే పల్లెకు పోతాడు, పోయి తప్పు పట్టుకొస్తాడు. తమరే రాశారు గదా, కడుపుమంట అని. కడుపుమంటతో వేసిన కాటా సరిగ్గా తూస్తుందా? మా పల్లెలో ఎవరిని అడిగారో, ఏ రోగం పిల్లల్ని తూచారో నాకేం తెలుసు?

వాళ్లు అన్నం కోసం తరతరాలుగా మొహం వాచిపోయి ఉన్నారు. ఆ అన్నం వాళ్ల కంచంలోకి నేను తెచ్చాను. దండ వేశారు. దాన్ని లాక్కోవాలని తమరు తిరుపతి నుంచి కాటా మోసుకుంటూ వచ్చారు. ఇంత ఓర్వలేనితనం నేను ఎక్కడా చూడలేదు.

టైపైన నివేదిక మీద మర్యాదగా సంతకం పెట్టండి. పెట్టకపోతే పుత్తూరులో ఒకరి మొహం ఒకరం చూసుకోవడం ఉండదు.

ఇట్లు,
బి. రంగరాజు


తిరుపతి
24-1-1979

అన్నయ్యా,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఒక మాట మాత్రం కొట్టేయలేకపోయాను. కడుపుమంటతో వేసిన కాటా సరిగ్గా తూస్తుందా అన్నారు.

ఆ అరుగుమీద కూర్చున్నప్పుడు నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. నా ప్రశ్న తప్పు, నా ఉద్యోగం పోతుంది, రెండేళ్ల పని బూడిద అని తట్టడానికి ముందే, రంగరాజు పడిపోయాడు అని లోపల ఎగిరి గంతేశాను. బిడ్డ బుగ్గలమీద రాగిముద్ద చూస్తూ సంతోషించాను. బస్సులో తిరిగి వస్తూ అది గుర్తొచ్చి నామీద నాకే అసహ్యం వేసింది. అప్పటినుంచి నేను చూసింది నిజంగా చూశానా, చూడాలనుకున్నది చూశానా అన్న అనుమానం పట్టుకుంది.

అందుకని సంతకం పెట్టలేదు. తప్పు దిద్దిన కాగితం కూడా పంపలేదు. మీరు వెళ్లండి. మీ పల్లె, మీ మనుషులు. మీరే అడగండి, మీరే తూచండి. కాటా మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో అప్పగించి వచ్చాను. అడిగి, 'నువ్వు చెప్పింది తప్పు' అని ఒక్క ముక్క కార్డు మీద రాస్తే చాలు, టైపైన నివేదిక మీద సంతకం పెట్టి పంపేస్తాను. ఎందుకని అడగను. నావల్ల పైకి ఎవరికీ ఏమీ తెలియదు. ఫిబ్రవరి పదిహేనుదాకా ఆగుతాను.

మీ మాట నమ్ముతాను. నా చూపుకంటే మీ చూపునే నమ్మాల్సిన స్థితిలో ఉన్నాను. ఇది రాయడం నాకెంత కష్టంగా ఉందో మీకు తెలుసు.

సారంగపాణి


చిత్తూరు
12-2-1979

ఒరేయ్ సారంగపాణీ,

నువ్వడిగిన కార్డు కొన్నాను. 'నువ్వు చెప్పింది తప్పు, సంతకం పెట్టు' అని రాశాను కూడా. చిరునామా రాసి జేబులో పెట్టుకునే ఊళ్లోకి పోయాను. అడిగినట్టు ఉండాలి గదా, అందుకు పోయాను. ఆరోగ్య కేంద్రంలో కాటా కూడా తీసుకున్నాను. పోయేటప్పుడు నా మనసులో ఉన్నది తాలూకా ఆఫీసులో నా బల్ల ఎక్కడ వేయించుకోవాలన్నదే.

చౌడేశ్వరమ్మ ఇంటికే పోయాను. నాకు అంతకంటే అనుకూలమైన సాక్షి ఎవరుంటారు? పీట వేసింది. "నీ మనవడు పొద్దున ఏం తిన్నాడు?" అన్నాను.

"అన్నం సామీ!" అంది, నాలుగిళ్ల అవతలికి వినబడేటట్టు.

"అన్నంలోకి?"

"సింతపండు నీళ్లు, ఉప్పు." ఈ మాట నాకు మాత్రమే వినబడింది.

"ముందు సంగటిలోకి ఏముండేది?"

"ఏముండ్లేదో అడుగు సామీ. ఉలవలు, సెనిక్కాయలు, గట్టుమీద ఆకు. అదంతా మెట్టచేని సలవ గదా. ఇప్పుడు ఆడ మడి ఉండాది."

"మరి ఒక చెక్క నేలలో రాగులు వేసుకోరాదా తల్లీ? నీళ్లున్నాయి గదా."

ఆమె వీధి వైపు చూసి, నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "పక్కింట్లో సుబ్బన్నోళ్లు దినాం అన్నమే తింటా ఉండారు. మేము సంగటి గెలికే సప్పుడు వాళ్లకు ఇనబడితే మా మొకం యాడ పెట్టుకునేది? బిడ్డకు సంగటే ఇష్టం సామీ, ఏడుస్తాడు. అయినా పెట్టను. వాళ్ల మనవడు అన్నం తింటా ఉంటే మావోడు సంగటి తినాలా?"

గోడ అవతలికి పోయి సుబ్బన్నను అడిగాను. "రాగులెందుకు మానేస్తివప్పా?" అంటే, "యాడ సామీ, సవుడేశ్వరమ్మోళ్లు మూడు తూర్లు అరిసి సెప్తారు అన్నం తిన్నామని. మాకు మట్టుకు రోసం లేదా?" అన్నాడు. వాళ్లింట్లో అన్నంలోకి ఉత్త మజ్జిగ నీళ్లు.

నాకు నవ్వొచ్చింది. వీధిలో నిలబడి గట్టిగా నవ్వాను. ఆ రెండిళ్లమధ్య గోడలో నేనూ నువ్వూ కనబడ్డాం. వాళ్లు ఒకరిమీద ఒకరు ఓర్వలేక పిల్లల నోటికాడ సంగటి తీసేశారు. మనం కూడా అదే పని చేశాం, కాగితాల మీద. నవ్వుతూనే ఉన్నాను గానీ కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. సుబ్బన్న, "ఏమైంది సామీ, ఎండ తగిలిందా" అని నీళ్లు తెచ్చాడు.

చౌడేశ్వరమ్మ మనవణ్ని కాటాలో కూర్చోబెట్టాను. ముల్లు కదిలి, అక్కడే ఆగిపోయింది. ఇంకా పోతుందని చూస్తున్నాను. పోలేదు. బోరు పడినరోజు వాణ్ని చంకనెత్తుకుని ఫోటో దిగాను నేను. అప్పుడు బరువుకు చెయ్యి లాగిందని రమామణితో చెప్పినట్టు గుర్తు. ఇప్పుడు ఒక్క చేత్తో దించాను. ఆ ఊళ్లో ఇంకెంతమందిని తూచానో రాయను, రాస్తే నువ్వు లెక్క వేస్తావు. నువ్వు చెప్పింది తప్పు కాదు.

కార్డు చింపేశాను. ఇంటికొచ్చి మీ వదినతో చెప్తే ఈసారి నవ్వలేదు. "ఆ రోజు మనం నవ్వకుండా ఒక ముక్క రాసుండాల్సింది" అంది. నా పక్షం మాట్లాడలేదు గానీ, 'మనం' అని అంది.

ఇక విను. నీ ప్రశ్న ఎట్లా తప్పో, వరి మడులవల్ల ఏం వచ్చిందో, ఏం పోయిందో, పిల్లల బరువులతో సహా నేనే రాశాను. నా పథకాన్ని తాలూకాకు పెంచొద్దని రాశాను. జావ కేంద్రాలు మూయొద్దని రాశాను. వేసిన బోర్ల కింద సగం నేల రాగులకు, ఉలవలకు ఉంచితే తప్ప ఇంకో బోరు వేయకూడదని రాశాను. ఆ ప్రశ్న అచ్చుకు పోకముందే నేను చదివి ఊరుకున్నానని కూడా రాశాను. లేకపోతే తప్పంతా నీదే అనుకుని నీ ఉద్యోగం పీకేస్తారు.

తాలూకా పెద్దరికం నాకిక రాదు. గోడౌన్లో బస్తాలు ఎదురుచూస్తున్నాయి. ఇది రాసేటప్పుడు ఏడ్చానని నీతో చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. పదేళ్లు పట్టింది ఆ దండ మెడలో పడటానికి.

నీమీద కడుపుమంట ఆరిందనుకోకు. అత్తగారికి ఇదంతా తెలిశాక, తప్పు కనిపెట్టింది చిన్నల్లుడని ఊరంతా చెప్పుకుంటారు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే ఈ పొద్దున పోస్టాఫీసు తలుపు తీయకముందే వెళ్లి మెట్లమీద నిలబడి, కాగితాలన్నీ నీ పైఆఫీసుకు నా పేరుతోనే రిజిస్టరు పోస్టులో పంపేశాను. నీకు ఈ ఉత్తరం చేరేలోపు అవి అక్కడ చేరి ఉంటాయి. రంగరాజు పథకం పనికిరాదని లోకానికి మొదట చెప్పినవాడు రంగరాజే. ఆ పేరు నీకు రానివ్వను. నువ్వూ ఒక కాగితం పంపుకో, నాకు అభ్యంతరం లేదు. అది రెండోది అవుతుంది.

నీ అన్న,
రంగరాజు